అత్తగారి వంతు

“ఒకరి బాధ ఇంకొకరు మోయడం ఎలా కుదురుతుంది, అయ్యగారూ?” అని పాస్టరుగారిని అడిగాడు, ఆయన కింద పనిచేసే ఉపదేశి తిమోతి.

మంచి శుక్రవారం నాడు అతను మొదటిసారిగా సిలువను గురించి ప్రసంగించాలి. క్రీస్తు మన దుఃఖాలు భరించాడని చిన్నప్పటినుంచీ వల్లించినవాడే. తీరా నలుగురికీ చెప్పవలసి వచ్చేసరికి నోరు పెగలడం లేదు. ఎవరి పంటినొప్పి వాళ్లదే కదా అన్నది అతని సందేహం.

పాస్టరు దైవసహాయంగారికి వాదించే అలవాటు లేదు. చెప్పులు తొడుక్కుని, “ఎలీసమ్మ ఇంటికి పోదాం పద” అన్నారు.

ఆ ఇంటికి తిమోతి ఎలాగూ వెళ్లవలసిందే. ఎలీసమ్మ భర్త దానియేలు లారీ బోల్తాపడి చనిపోయాడు. అయినా ఆమె చేతులకు గాజులు తొడుక్కుంటోందనీ, మతి తప్పిన అత్తగారితో మొగుడు బతికే ఉన్నాడని అబద్ధాలాడుతోందనీ సంఘపెద్దల దాకా ఫిర్యాదు వెళ్లింది. తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్లకు, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే విందుకు, రావద్దని చెప్పే పని తిమోతి మీదే పడింది.

వాళ్లు వెళ్లేసరికి ఎలీసమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేతులు బోసిగానే ఉన్నాయి. ఇంతలో లోపలినుంచి ముసలమ్మ పిలిచింది. ఎలీసమ్మ గుమ్మం పక్క మేకుకున్న గాజులు గబగబా తొడుక్కుని, అన్నం పళ్లెంతో లోపలికి వెళ్లింది.

“దానియేలు వచ్చాడా?”

“లేదత్తయ్యా. లోడు ఇంకా దింపలేదంట.”

“ఎప్పుడూ లోడే! వాడు పెళ్లి చేసుకున్నది నిన్నా, ఆ లారీనా?”

“లారీనే. నేను కట్నం కింద వచ్చాను.”

ముసలమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే నాలుగు ముద్దలు తింది.

గోడ అవతలినుంచి పొరుగావిడ అంది: “విన్నారా అయ్యగారూ? మొగుడు మట్టిలో, ఈవిడ ముచ్చట్లలో!”

ఎలీసమ్మ బయటికొచ్చింది. గాజులు తీసి మేకుకు తగిలించి, కోళ్లగూడు వెనక్కి వెళ్లి, చప్పుడు లోపలికి పోకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి వాళ్ల ముందు నిలబడింది.

తిమోతి తలెత్తలేకపోయాడు. “అది అబద్ధం కదా, అక్కా” అన్నాడు మెల్లగా.

“అబద్ధమే, తమ్ముడూ. మొదట్లో నిజమే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆవిడకు కొడుకు అప్పుడే చచ్చిపోయేవాడు. గుండెలు బాదుకునేది, పొద్దున్నే మరిచిపోయి మళ్లీ అడిగేది. నాకు ఆయన ఒక్కసారే పోయాడు. అందుకని ఆవిడ వంతు కూడా నేనే ఏడుస్తున్నాను.” కళ్లు తుడుచుకుని అంది: “బల్లకు రావద్దంటే రాను. ఆవిడకు మాత్రం ఎవరూ చెప్పకండి.”

పాస్టరుగారు ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించలేదు, ఓదార్చలేదు. ఆమెకు తలవంచి సెలవు తీసుకున్నారు.

దారిలో తిమోతి అడిగాడు: “పెద్దలకు ఏమని చెప్పను, అయ్యగారూ?”

“ఈ ఆదివారం రొట్టె పళ్లెం నువ్వే పట్టుకో” అన్నారు దైవసహాయంగారు. “ఆమె దగ్గరికి వచ్చేసరికి నీ చెయ్యి ఆగితే, ఆపెయ్యి.”