పొగడ ఎంచుకున్న లోయదారి

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, జంతువుల పిల్లలందరికీ కలిపి ఒక బడి ఉండేది. ఆ బడిలో పొగడ అనే దుప్పి పిల్ల చదువుకునేది. పాపం, కొన్నాళ్లుగా దానికి ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. మేత గొంతు దిగేది కాదు. కంటి మీద కునుకు ఉండేది కాదు. ఎదురుగా ఏ పులీ లేదు, అయినా భయం. ఎందుకో దానికే తెలియదు.

వాగు అవతల ఎలుగుబంటి పెద్దమ్మ ఉండేది. మనసు బాగాలేని వాళ్ల మాట వినడం, వాళ్లు తేరుకునేలా చేయడం ఆమె పని. ఆమె దగ్గరికి దారి మాత్రం సరిగ్గా బడి ముందు నుంచే వెళ్లేది. కిందటేడు ఒక కుందేలు ఆ దారిన వెళ్లింది. అంతే, "తిక్క కుందేలు, తిక్క కుందేలు" అని అందరూ వెంటపడ్డారు. అందరికన్నా గట్టిగా అరిచినవాడు ముట్టెడు అనే అడవిపంది పిల్ల. ఆ కుందేలు బడి మానేసింది. నవ్విన వాళ్లలో పొగడ కూడా ఉంది.

"నన్నూ అలాగే పిలుస్తారు," అనుకుంది పొగడ. పెద్దమ్మ దగ్గరికి ఇంకో దారి ఉంది, కొండ వెనక లోయలోంచి. అక్కడ చిరుత ఉంటుందని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. చూశారా పిల్లలూ, పొగడ ఆ దారే ఎంచుకుంది.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే అది లోయలోకి దిగింది. కొంచెం దూరం పోగానే వెనక ఒక గులకరాయి దొర్లింది. పొగడ ఆగింది. ఏమీ లేదు. ఇంకొంచెం పోయేసరికి పచ్చిమాంసం వాసన గుప్పుమంది. తిరిగి చూస్తే పొద వెనక పసుపుపచ్చని కళ్లు రెండు.

అప్పుడే చెట్టు మీది నుంచి ఒక కేక వినబడింది. కేక పెట్టినవాడు పొగడ నేస్తం గెంతుడు, కొండముచ్చు పిల్ల. పొగడ కనబడక వెతుక్కుంటూ వచ్చాడు. ఆ కేకకు బడి అంతా లేచి, అరుస్తూ కొండ దాటి లోయలోకి దిగింది. చిరుతది చాటుగా పట్టే వేట. ఇంతమంది కంట పడ్డాక ఇక లాభం లేదని గుర్రుమంటూ వెనుదిరిగింది.

అందరూ పొగడ చుట్టూ మూగారు.

"ఈ లోయలోకి ఎందుకొచ్చావే?" అని గెంతుడు అడిగాడు.

దారి తప్పానని చెప్పబోయింది పొగడ. కానీ అబద్ధం ఆడే ఓపిక కూడా దానికి లేకపోయింది.

"పెద్దమ్మ దగ్గరికి వెళ్దామని. నాకు ఊరికే భయమేస్తోంది రా. మీ ముందు నుంచి వెళితే తిక్క దుప్పి అంటారని ఇటు వచ్చాను," అంది.

ఎవరూ నవ్వలేదు. గెంతుడు అందరి వైపు తిరిగాడు. "చిరుత ఉన్నచోట నడవగలిగింది, మన ముందు నడవలేకపోయింది. అంటే మనం చిరుత కన్నా ఘోరమన్నమాట. కాలికి ముల్లు గుచ్చుకుంటే అందరి ముందే కుంటుకుంటూ వెళ్తాం. మనసుకు గుచ్చుకుంటే మాత్రం దాక్కుంటూ వెళ్లాలా? రేపు బడి ముందు నుంచే వెళ్దాం పొగడా. నేను నీ పక్కన నడుస్తాను," అన్నాడు.

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. పొగడకు భయం పోలేదు. ఏ వైపు నుంచి నవ్వు వినబడుతుందోనని చెవులు రిక్కించి నడిచింది. వెనక అడుగుల చప్పుడైంది. చూస్తే ముట్టెడు.

ముట్టెడు దగ్గరికొచ్చి తల దించుకున్నాడు.

"నేనూ వస్తాను," అన్నాడు. "ఆ కుందేలును వెక్కిరించిన రోజుల్లోనే నేను లోయదారిన పెద్దమ్మ దగ్గరికి వెళ్లి వస్తుండేవాణ్ని. ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయపడి, అందరికన్నా గట్టిగా అరిచాను."

పొగడ కాస్త పక్కకు జరిగి వాడికి దారిలో చోటిచ్చింది.

నీతి: మనసు బాగాలేదని చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు; అలా చెప్పుకున్నవాళ్లను చూసి నవ్వడానికే సిగ్గుపడాలి.