చమురు తీరపు దుబాసీ

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రపు ఒడిలో చామరవల్లి అనే చిన్న రాజ్యం. అక్కడ తీరపు రాళ్ళ సందుల్లోంచి నల్లని చమురు దానంతట అదే ఊరేది. పడవలవాళ్ళు దాన్ని చిప్పలతో తోడుకుని పడవలకు పూసుకునేవారు, దీపాలు వెలిగించుకునేవారు.

ఆ రాజ్యాన్ని ఏలేది రాణి గౌరాంబ. చిన్న వయసులోనే తండ్రి పోయి సింహాసనం మీదపడింది. పరదేశపు దొరల మాట ఆమెకు, ఆమె మాట దొరలకు చేరవేసే దుబాసీ పేరు శరభయ్య. ఒకప్పుడు ఆమెను భుజాన మోసినవాడు. కొలువులో ఉన్నంతసేపూ ఆమె ఆయనను "దుబాసీగారూ" అనేది. కొలువు చాలించగానే "బాబాయీ" అనేది.

శరభయ్య కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. రాణి ముఖం మంచులో దీపంలా మసకబారింది. అది పూర్తిగా చెరిగిపోకముందే మరొక్కసారి తేటగా చూడాలని ఆయన కోరిక. ఆ కోరిక ఆయన ఎవరికీ చెప్పలేదు. అయినా మెట్ల దగ్గర తడబడే కాలు చెప్పకనే చెప్పేది.

ఒకనాడు చమురు కంపెనీ దొర ఓడ దిగాడు. నిలువుటద్దం, తనంతట తాను పాడే పెట్టె కానుకగా తెచ్చాడు.

"ఈ తీరంలో చమురు వెతుక్కునే హక్కు మా ఒక్కరికే రాసివ్వండి. మూడు తరాలు చాలు" అన్నాడు.

రాణి నవ్వింది. "వెతకడానికి మూడు తరాలా! దొరవారు అంతగా ఏం పారేసుకున్నారో అడగండి, దుబాసీగారూ."

శరభయ్య ఆ మాటా చెప్పాడు, ఆ నవ్వూ చెప్పాడు. దొర కందగడ్డలా ఎర్రబడి వెళ్ళిపోయాడు.

రెండోమారు యుద్ధపు ఓడతో వచ్చాడు. ఫిరంగులు కోటవైపు తిప్పి, "ఆలోచించుకోండి" అని కబురుపెట్టాడు. పడవలవాళ్ళ పెద్ద పోలయ్య పరుగున కొలువుకొచ్చాడు.

"ఏటమ్మా, మా రేవు దొరలకి రాసిచ్చేత్తన్నావంట? మరి మావెక్కడికి పోవాల, సేపల్లోకా?"

"మీరు తీరం విడవాలన్న మాట ఒడంబడికలో ఉంటే నేను సంతకం పెట్టను, తాతా" అంది రాణి.

అని ఊరుకోలేదు. పొరుగు రాజులకూ, ఆ కంపెనీకి పోటీగా ఓడలు నడిపే మరో దేశపు రాయబారికీ ఆహ్వానాలు పంపింది. ఒంటరిగా ఉన్నవాడి ఇంటిమీదకే ఫిరంగి వస్తుందని ఆమెకు తెలుసు.

మూడోమారు దొర వచ్చేసరికి నిండు కొలువు. రాయబారులందరూ ఆసీనులయ్యారు. దొర తన భాషలోని ఒడంబడికను ఒక్కొక్క మాటగా చదువుతున్నాడు. శరభయ్య తెలుగులో చెబుతున్నాడు. అంతలో దొర చిరునవ్వు చెదరనీయకుండా ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో గుసగుసలాడాడు.

శరభయ్య చేతికర్ర ఊని నిటారుగా నిలబడ్డాడు. ఎదురుగా రాణి, ఒక మసక వెలుగు. దుబాసీ చెవిన పడ్డ మాట దుబాసీది కాదు, కొలువుది. అది చామరవల్లి ఆచారం. ఆయన గొంతు సవరించుకుని, వేరెవరి సంగతో చెబుతున్నట్టు నిదానంగా పలికాడు:

"దొరవారు సెలవిస్తున్నారు. 'ముసలాయనా, పడవలవాళ్ళు తీరం ఖాళీ చేయాలన్న మాట ఇప్పుడొస్తుంది. ఆ ఒక్కటీ చెప్పకుండా వదిలెయ్యి. మా ఓడలోని వైద్యుడు నీ కంటిపొరలు తీసి చూపు తెప్పిస్తాడు' అంటున్నారు."

కొలువులోని తలలన్నీ దొర వైపు తిరిగాయి. ఆయన మాట అర్థం కాకపోయినా, అందరి ముఖాలూ చూసి దొర అదిరిపడి అరిచాడు.

"'ఏం చెప్పావు, మూర్ఖుడా' అని కూడా సెలవిస్తున్నారు" అన్నాడు శరభయ్య.

కొలువంతా గొల్లున నవ్వింది. రాణి మాత్రం నవ్వలేదు. సింహాసనం దిగి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాబాయీ, నీ కళ్ళు..."

"చూపు కావాలనే ఉంది తల్లీ. నీ ముఖం కనిపించాక, నీ ముందు తలెత్తలేకపోతే ఆ చూపెందుకు?"

రాణి ఆయన చెయ్యి వదలకుండానే రాయబారుల వైపు తిరిగింది. "చమురు అమ్ముతాం, తీరం అమ్మం. కావలసినవారు ఎవరైనా ఒకే ధరకు కొనుక్కోవచ్చు."

అందరికీ దక్కేదాన్ని ఒక్కరు కాజేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? రాయబారులందరూ లేచి రాణి పక్కన నిలబడ్డారు. ఫిరంగుల ఓడ తెరచాప ఎత్తి వచ్చిన దారినే పోయింది.

కొంతకాలానికి రాణి తన తల్లి పుట్టిన కొండసీమ నుంచి కంటివైద్యుణ్ణి పిలిపించింది. ఆయన భాష రాణికి వచ్చు, శరభయ్యకు రాదు. వైద్యుడు కళ్ళు పరీక్షించి, తల పంకించి, మెల్లగా ఏదో అన్నాడు. శరభయ్య రాణి వైపు ముఖం తిప్పాడు.

"ఏమంటున్నారమ్మా?"

ఒక చిన్న అబద్ధం చాలు, ముసలాయన కొన్నాళ్ళు ఆశతో బతుకుతాడు. రాణి పెదవి కొరుక్కుంది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"పొరలు తీసినా చూపు రాదట, బాబాయీ. లోపలి నరం ఎండిపోయిందట."

 శరభయ్య ఆమె ముఖాన్ని వేళ్ళతో తడిమాడు. తడి తగిలింది.

"చక్కగా చెప్పావు తల్లీ. గొంతు మాత్రం కాస్త వణికింది" అని నవ్వాడు.

తీయని మాట ఎవరైనా చెబుతారు. ఉన్న మాటను ఉన్నట్టు చెప్పి, చెయ్యి విడవనివారే ఆత్మబంధువులు.