రెండు వేళ్లు తక్కువైన పట్టా

సోమాచారి కొలిమి పెట్టిన రోజున చేతిలో ఉన్నవి తొమ్మిది వరహాలే. ఏడాది తిరక్కుండానే రాజుగారి విహార రథం చక్రానికి కొత్త ఇనుప పట్టా చేసి తెచ్చాడు. అది రాజుగారికి నచ్చితే కోట పనంతా అతనిదే.

రాజుగారు చూస్తుండగానే రథశాల అధికారి దండపాణి ఆ పట్టాను చక్రం పక్కన పెట్టి చూసి పకపకా నవ్వాడు.

"చక్రం కంటే రెండు వేళ్లు చిన్నదిరా! కొలవడం కూడా రాదా? మా బావమరిది చేసిన పట్టా చూడు, ఆ పక్క చక్రానికి ఎంత సులువుగా ఎక్కిందో!"

"కొలిచే చిన్నది చేశానండీ. తమరు మీ బావమరిదిగారి పట్టా పట్టుకుని ఆ చక్రాన్ని ఒక్కసారి పైకెత్తండి."

రాజుగారి ఎదుట దండపాణి దర్జాగా ఎత్తాడు. పట్టా చేతిలోకి వచ్చేసింది. చక్రం నేలమీదే ఉండిపోయింది.

సోమాచారి తన పట్టాను ఎర్రగా కాల్చాడు. వేడికి సాగిన పట్టాను చక్రానికి ఎక్కించి నీళ్లు కుమ్మరించాడు. అది చల్లారుతూ చక్రాన్ని బిగించి పట్టుకుంది. ఈసారి పట్టా ఎత్తితే చక్రమూ లేచింది.

"మన నలభై రథాల పనీ నీదేనోయ్!" అన్నాడు రాజు.

నలభై నాలుగుల నూట అరవై చక్రాలు. సోమాచారి మీసం దువ్వుకుని, రెండో కొలిమికి చోటు కొలవడానికి బయలుదేరాడు.