ఏడు గూన పెంకులు

లింబాద్రి సారుకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఆయన ఊరి హైస్కూల్లో ఆటల మాస్టరు. ఆరేళ్ళ కిందట ఆడపిల్లలతో బేస్‌బాల్ జట్టు కడితే ఊరంతా నవ్వింది. ఆ జట్టే ఈ వేసవిలో జిల్లాలో అందరినీ ఓడించి, రాష్ట్ర పోటీల్లో ఆఖరి నాలుగు జట్లలో నిలిచింది. ఇక మిగిలినవి నాకౌట్ మ్యాచులు. ఒక్కటి ఓడితే మూటాముల్లె సర్దుకుని ఇంటికి రావడమే. శనివారం మొదటి మ్యాచు. సరిగ్గా సోమవారం పొద్దున నవనీత కుడి భుజం వాచింది.

నవనీత ఆ జట్టులో బంతి విసిరే పిల్ల. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి హమాలీ. ఆ పిల్ల చేతిలోంచి బంతి బయల్దేరడం కనిపిస్తుంది, అవతల చేరడం కనిపిస్తుంది, నడుమ మాత్రం ఎవరికీ కనిపించదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆమె విసిరితే అవతలి పిల్లలు బ్యాటు గాలిలో తిప్పి తలలు వంచుకుని వెళ్ళిపోయేవారు. అన్ని మ్యాచుల్లోనూ ఆమే విసిరింది. మరొకరి చేత విసిరించాలన్న ఆలోచన లింబాద్రికి రాలేదు. ఎందుకు వస్తుంది?

పట్నంలో డాక్టరు చూసి పదిహేను రోజులు చెయ్యి లేపవద్దన్నాడు. లింబాద్రి ముఖం చూసి, ఒక సూది ఉందనీ, అది వేస్తే రెండు రోజులు నొప్పి తెలియదనీ, ఆ తర్వాత భుజం ఏమవుతుందో మాత్రం తాను చెప్పలేననీ అన్నాడు.

పిల్ల వెంటనే ఒప్పుకుంది. తను లేకపోతే వాళ్ళేం ఆడతారని ఎదురు అడిగింది. తండ్రిని అడిగితే ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ఒక్క మాటే అన్నాడు.

"పిల్లను మీ చేతిల పెట్టినం సారూ. మీ ఇష్టం."

కాదంటే పోట్లాడవచ్చు, సరేనంటే సూది వేయించవచ్చు. ఇష్టం తనదే అయ్యేసరికి లింబాద్రికి నిద్ర పట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే బస్సు. గురువారం నాడు ఆయన మఠానికి బయల్దేరాడు.

మఠమంటే పెద్దదేమీ కాదు. ఊరికి అర్ధ కోసు దూరంలో, గుట్ట పక్కన, గూన పెంకులు కప్పిన పొడుగాటి ఇల్లు. అందులో ముత్తెన్న తాత ఉంటాడు. తత్వాలు పాడతాడు, అడిగితే చెబుతాడు, అడగకపోతే బీరపాదులకు నీళ్ళు పోస్తాడు. లింబాద్రి పదేళ్ళుగా ఆయన శిష్యుడు. ఆ రోజు ఎలాగూ వెళ్ళవలసిన రోజే. ఏటా మృగశిర కార్తెలో మొదలయ్యే మిర్గం వానలు రాకముందు శిష్యులంతా చేరి మఠం కప్పు సర్దుతారు. పాత పెంకులన్నీ దించి, దుమ్ము దులిపి, కోతులు పగలగొట్టినవి తీసేసి, మళ్ళీ కప్పుతారు.

లింబాద్రి వెళ్ళేసరికి పెంకులు దించడం అయిపోయింది. వాకిట్లో గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. తాత పీట మీద కూర్చుని కొబ్బరి పీచుతో ఒక్కొక్క పెంకునూ రుద్దుతున్నాడు. లింబాద్రి కూడా ఒక పీచు తీసుకుని పక్కన కూర్చుని, తన కష్టమంతా చెప్పుకున్నాడు.

తాతకు బేస్‌బాల్ తెలియదు. తెలియని దాని మీద ఆయనకు చిన్నపిల్లలకుండే ఆశ. పెంకు రుద్దడం ఆపి అడగడం మొదలుపెట్టాడు. బంతి ఎంతుంటుంది, బ్యాటు గిల్లీదండా కర్ర లాగా ఉంటుందా, కొట్టి ఎటు ఉరకాలి, అన్నీ అడిగాడు. లింబాద్రి నాలుగు పెంకులు నేల మీద పెట్టి, ఇక్కడి నుంచి ఇక్కడికి ఉరకాలి అని చూపించాడు. తాత వంగి వంగి చూశాడు.

"మీ దిక్కు ఎంతమంది ఆడుతరు?"

"తొమ్మిది మంది తాతా."

"ఈ పిల్ల ఇసురుతది. తతిమ్మ ఎనిమిది మంది ఏం చేస్తరు?"

"ఒకామె వెనక కూసొని బంతి పట్టుకుంటది. ఏడుగురు చుట్టూ నిలబడుతరు."

"ఎందుకు?"

"అవతలోళ్ళు కొడితే బంతి వస్తది కద. పట్టుకునేటందుకు."

"వస్తదా?"

లింబాద్రి ముఖం మూడు రోజుల తర్వాత కొంచెం వెలిగింది. "నవనీత ఇసిరితే రాదు తాతా. ఎవ్వరూ కొట్టలేరు."

తాత ఓహో అన్నట్టు తల ఊపాడు. కాసేపు పెంకు రుద్దాడు. లింబాద్రి ఆగలేక అడిగేశాడు.

"లీగు మ్యాచులు ఎట్లనన్న గెలవచ్చు తాతా. నాకౌట్ల మాత్రం గసువంటి చెయ్యి ఒకటి లేకుంటే జట్టు నిలబడదంటరు. సూది ఏపిద్దునా, వద్దా?"

తాత చేతిలోని పెంకు పక్కన పెట్టాడు. ఎండ ముదరకముందే పెంకులు పైకెక్కాలన్నాడు. పీట మీద నుంచి లేచి అందరినీ పిలిచాడు.

పెంకులు ఎక్కించే పద్ధతి ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. పెంకుల గుట్ట దగ్గర నుంచి నిచ్చెన దాకా మనిషికీ మనిషికీ నాలుగడుగుల ఎడంతో వరసగా నిలబడతారు. ఒకరు విసిరితే మరొకరు అందుకుని, ఆ ఊపులోనే ముందుకు విసురుతారు. చంటిపిల్లను అందుకున్నట్టు అందుకోవాలి. గట్టిగా పట్టినా పలుగుతుంది, వదులుగా పట్టినా పలుగుతుంది. నిచ్చెన మీద ఒకరు, కప్పు మీద పోశన్న మేస్త్రీ.

ఆ రోజు వరసలో తొమ్మిది మంది నిలబడ్డారు. గుట్ట దగ్గర లింబాద్రి. ఆయనదీ ఒకప్పుడు బంతి విసిరిన చెయ్యే. మొదటి పది పెంకులు పక్కనున్న గంగవ్వకు అందించాడు. గంగవ్వ మెల్లిగా అందుకుని, చీర కొంగు సర్దుకుని, అటుపక్క మనిషిని పిలిచి, అప్పుడు విసిరేది. లింబాద్రికి ఓపిక లేకపోయింది. పదకొండో పెంకును గంగవ్వ తల మీదుగా, మిగతా ఆరుగురి తలల మీదుగా, నేరుగా నిచ్చెన మీది మనిషి చేతుల్లోకి విసిరాడు. అది తిరక్కుండా, ఊగకుండా, కొమ్మ మీద పిట్ట వాలినట్టు వాలింది.

పోశన్న పైనుంచి శభాష్ అన్నాడు.

ఇంకేముంది. పన్నెండోదీ అంతే, నూరోదీ అంతే. వరసలో వాళ్ళు కాసేపు తలలు ఎత్తి చూశారు. ఆ తర్వాత గంగవ్వ కూర్చుని ఆకు, వక్క తీసింది. ఒకాయన వేపపుల్ల నమలడం మొదలుపెట్టాడు. మన సారు ఒక్కడుంటే చాలు, మనమంతా ఇంటికి పోయి పండుకోవచ్చు అని నవ్వుకున్నారు. ఆ మాట విని లింబాద్రి ఇంకా జోరుగా విసిరాడు. ఒక్క పెంకు పలగలేదు.

సగం కప్పు అయ్యాక తాత మజ్జిగ చెంబుతో వచ్చాడు. లింబాద్రి చెయ్యి పట్టుకుని అరుగు దగ్గరికి తీసుకుపోయాడు.

"కూసో బిడ్డా."

లింబాద్రి కూర్చున్నాడు. తాత వరస వైపు తిరిగి కానియ్యండని చెయ్యి ఊపాడు. గంగవ్వ గబగబా కొంగు దోపుకుని గుట్ట దగ్గరికి వచ్చింది. మొదటి పెంకు విసిరింది. పక్కాయన నోట్లో వేపపుల్ల ఉంది, చూపు ఎక్కడో ఉంది. పెంకు నేల మీద పడి రెండు ముక్కలైంది.

లింబాద్రి లేవబోయాడు. తాత చెయ్యి ఆయన మోకాలి మీద పడింది. బరువేమీ లేదు, ఎండుటాకు అంత. అయినా లేవలేకపోయాడు.

రెండోదీ పలిగింది. మూడోది పలిగింది. వరసలో ఒకరినొకరు తిట్టుకున్నారు. నువ్వు ముందే ఇసిరినవ్ అంటే, నువ్వు నిద్ర పోతున్నవ్ అన్నారు. నాలుగోది పలిగింది.

"తాతా, పలుగుతున్నయి."

"ఔ, పలుగుతున్నయి."

"కుమ్మరోళ్ళు గూన చేసుడు బందువెట్టిరి. మళ్ళ యాడ దొరకవు."

"దొరకవు."

"నేను పోయి నిలబడుత."

"సల్ల తాగు."

లింబాద్రి చెంబు ఎత్తి, తాగకుండానే దించాడు. ఐదోది పలిగింది. గంగవ్వ ఏడుపు ముఖంతో తాత వైపు చూసింది. తాత ఆమె వైపు చూడకుండా చెంబులోకి తొంగి చూసి, ఉప్పు సరిపోయిందా అని లింబాద్రిని అడిగాడు.

ఆరు. కొంచెం ఆగి, ఏడు.

ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో లింబాద్రికి తెలియలేదు. వరసలో ఎవరో హూ అన్నారు. పక్కవాళ్ళు హూ అని అందుకున్నారు. పెంకు వెంట ఆ హూ కూడా మనిషి నుంచి మనిషికి పోయింది. గంగవ్వ ఇప్పుడు ఎవరినీ పిలవడం లేదు. పక్కాయన నోట్లో వేపపుల్ల లేదు. చేతులు పెంకు రాకముందే చాపుకుని ఉంటున్నాయి. కప్పు మీద పోశన్న, మెల్లిగా, మెల్లిగా, నాకు రెండే చేతులు అని అరిచాడు. ఎవరూ వినలేదు.

పొద్దు పడమటికి తిరిగేసరికి గుట్టలు ఖాళీ అయ్యాయి. ఎనిమిదో పెంకు పలగలేదు.

కానీ కప్పులో ఐదు పెంకులంత సందు మిగిలింది. అటక మీద అదనంగా దాచిన పెంకులు పదకొండే. కోతులు పగలగొట్టిన వాటి బదులుగా తొమ్మిది పోయాయి, ఈ ఏడింటికి రెండే మిగిలాయి. పోశన్న పైనుంచి, ఈ సందు ఏడ విడవాలె అని అడిగాడు. తాత లోపలికి వెళ్ళి నాలుగు మూలలా చూసి వచ్చాడు.

"భజనకు కూసునే తావుల వద్దు. నా మంచం మీదికి రానియ్యి."

లింబాద్రి తల వంచుకుని పలిగిన ముక్కలు ఏరాడు. వాటిని గోడ వారగా పేర్చి, తాత కాళ్ళకు మొక్కి, ఊరికి తిరిగి వచ్చాడు. దారిలో నవనీత ఇంటి ముందు ఆగి, సూది వద్దని ఆమె తండ్రికి చెప్పాడు. ఆయన తలగుడ్డ మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. లోపల పిల్ల వెక్కివెక్కి ఏడవడం ఇద్దరికీ వినిపించింది.

శనివారం మ్యాచులో స్రవంతి అనే పిల్ల విసిరింది. మామూలు చెయ్యి. అవతలి వాళ్ళకు బంతి బాగా కనిపించింది, బాగా కొట్టారు. మూడో బంతే గాలిలోకి లేచి, మైదానం చివర నిలబడ్డ భూలక్ష్మి మీదికి వెళ్ళింది. వేసవి అంతా ఆ పిల్ల దగ్గరికి ఒక్క బంతీ రాలేదు. గడ్డి పీకుతూ నిలబడడం ఆమెకు అలవాటు. బంతి చేతుల్లో పడి జారిపోయింది.

పక్కన చేతికి కట్టు కట్టుకుని కూర్చున్న నవనీత గభాలున లేచింది. లింబాద్రి కూడా సగం లేచాడు. అరవడానికి నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, తన మోకాలి మీద తనే చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

"కూసో బిడ్డా" అన్నాడు.

ఇంకో బంతి జారింది. ఇంకోటి ఇద్దరి నడుమ పడింది, నీదంటే నీదని ఇద్దరూ ఆగిపోయారు. నాలుగోసారి కూడా తప్పాక, దూరంగా భూలక్ష్మి వంగి, చేతుల దుమ్ము ప్యాంటుకు తుడుచుకోవడం కనిపించింది. ఆ తర్వాత ఆమె గడ్డి పీకలేదు.

ఆ మ్యాచు గెలిచారు. మరునాడు ఫైనల్లో ఒక్క పరుగుతో ఓడారు. రెండో స్థానానికి ఒక కప్పు ఇచ్చారు. తిరుగు బస్సులో పిల్లలు దాన్ని ఒళ్ళో నుంచి ఒళ్ళోకి మార్చుకుంటూ వచ్చారు. కిటికీ పక్కన కూర్చున్న నవనీత లింబాద్రి వైపు తిరిగింది.

"సార్, భూలక్ష్మి అంత దూరం ఉరుకుతదని నాకు తెల్వదు."

"నాకూ తెల్వదు" అన్నాడు లింబాద్రి.

మిర్గం మొదటి వాన మంగళవారం వచ్చింది. లింబాద్రి కప్పును తువ్వాలలో చుట్టుకుని, తడుస్తూ మఠానికి వెళ్ళాడు. గెలిచిన సంగతి ముందు చెప్పాలా, ఓడిన సంగతి ముందు చెప్పాలా అని దారంతా ఆలోచించాడు.

లోపల తాత మంచం ఇటు జరిపి ఉంది. ఇంటి కప్పు సందులోంచి నీళ్ళు కారి నేల మీద చిన్న మడుగు కట్టింది. తాత గోనెసంచితో దాన్ని అద్దుతున్నాడు. అలికిడికి తల ఎత్తాడు. గెలిచారా, ఓడారా అని అడగలేదు.

"ఎన్ని పలిగినయి?"

లింబాద్రి గుమ్మంలోనే నిలబడి లెక్క చూసుకున్నాడు.

"మొదటి నాడు నాలుగు తాతా. రెండో నాడు ఒకటి."

తాత ముఖం చాటంత అయింది. తువ్వాల వైపు చూసి అదేమిటని సైగ చేశాడు. లింబాద్రి విప్పి ఇచ్చాడు. తాత కప్పును అటూ ఇటూ తిప్పాడు. దాని మీది రాతలు చదవలేదు. లోపల వేళ్ళు పెట్టి లోతు చూశాడు.

"మంచిగున్నది" అని, తీసుకుపోయి సందు కింద పెట్టాడు.

మొదటి చుక్క టంగుమని మోగింది. ఇద్దరూ కూర్చుని విన్నారు. వాన పెద్దదైంది. కప్పు నిండింది. లింబాద్రి లేచి, దాన్ని వాకిట్లో పారబోసి, తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాడు.