చలికి వదిలే మూకుడు

ఆ కదిలే పన్నుని నాలికతో తోసుకుంటూ కూర్చోక, ఇలా వచ్చి దుప్పట్లో దూరు. కథ చెబుతా.

అనగనగా కొండల నడుమ ఒక ఊళ్ళో, ఫ్రిజ్జులూ గట్రా లేని కాలంలో, చిలకమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి సీతాలని ఒక్కగానొక్క కూతురు. అచ్చం నీ ఈడుదే. దాని ముందు పన్నూ ఇలాగే కదులుతూ ఉండేది.

పుష్యమాసం వస్తే ఆ ఊళ్ళో చలి ఎముకల్లోకి దిగేది. అప్పుడు అందరూ పొలంలో గడ్డి పరిచి, వెడల్పాటి మట్టి మూకుళ్ళు వరసలుగా పెట్టి, పొద్దుగూకేవేళ నీళ్ళు పోసేవాళ్ళు. తెల్లారేసరికి ఆ నీళ్ళు అప్పడాల్లా గడ్డకట్టేవి. ఎండ రాకముందే ఆ మంచుని బుట్టల్లోకి ఎత్తి, పాతరలో పోసి, దిమ్మిసతో కొట్టి, పైన ఊకా గడ్డీ కప్పేవాళ్ళు. పాతరంటే భూమిలో తవ్విన పెద్ద గొయ్యి. ఎండాకాలం ఊరందరి పాలూ వెన్నా మాంసమూ చెడకుండా అందులోనే ఉండేవి. ఆ పాతర బాధ్యత చిలకమ్మది.

అయితే చివరి వరసలో చివరి మూకుడు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. దాన్ని చలికి వదిలెయ్యాలి. ఎందుకని అడిగితే, మా అమ్మ చెప్పిందనేవాళ్ళు. అంతే.

ఒక ఏడు చలి సరిగ్గా పట్టలేదు. పాతర సగం కూడా నిండలేదు. వేసవిలో ఊరివాళ్ళ ముందు తలెత్తుకోవడం ఎలాగా అని చిలకమ్మకి ఒకటే దిగులు. అప్పుడు ఆవిడ కన్ను ఆ చివరి మూకుడు మీద పడింది. మిగతావాటిలో పల్చటి పొర పేరుకుంటే, దాన్లో మంచు అరచేతి మందాన ఉంది. అటూ ఇటూ చూసి, ఎత్తి బుట్టలో వేసుకుంది.

దిమ్మిస అందని మూలల్ని తొక్కడానికి సీతాలు కాళ్ళకి గోనె చుట్టుకుని పాతరలో దిగి ఉంది. చిలకమ్మ ఆ మంచుముక్కని లోపలికి జారవిడుస్తూ మొక్కుకుంది.

"ఇందులో ఉన్నదేదీ చెడకూడదు. ఎలా ఉన్నది అలాగే ఉండాలి."

పిల్ల కూడా అందులోనే ఉందన్న ధ్యాస ఆవిడకి లేకపోయింది.

ఆ ఏడు ఎండలు మండినా పాతరలో మంచు చుక్క కరగలేదు. ఊరంతా చిలకమ్మని మెచ్చుకుంది.

ఆ తర్వాత ఒకనాడు, పాతరలోంచి తెచ్చిన పాలు తోడేస్తే పెరుగు కాలేదు. మర్నాడు చూసినా పాలే. ఇంకోనాడు, అందులో దాచిన చిక్కుడు గింజలు నాటితే మొలక రాలేదు. తవ్వి చూస్తే కుళ్ళలేదు, ఉబ్బలేదు, నాటినప్పటిలాగే నిగనిగలాడుతున్నాయి. అప్పుడు చిలకమ్మకి, ఆవేళ పాతరలో సీతాలు కూడా ఉందని తట్టింది.

పరుగున ఇంటికొచ్చి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పుష్యంలో కదిలిన పన్ను వైశాఖంలోనూ అలాగే కదులుతోంది. ఇన్నాళ్ళూ పిల్లకి గోళ్ళు తియ్యాల్సిన పనే పడలేదని అప్పుడు గుర్తొచ్చింది. సీతాలు నవ్వుతూనే ఉంది. చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

"పెడితే తింటానమ్మా," అంది సీతాలు. "ఆకలి మాత్రం వెయ్యదు."

చిలకమ్మ ఏడుస్తూ వెళ్ళి అత్త నూకాలమ్మకి జరిగిందంతా చెప్పింది. ముసలావిడ మంచంలోంచే విని, "ఆ మూకుడు ఎవరిదో నాకూ తెలీదే. మనది కాదని మాత్రం తెలుసు. ఇచ్చెయ్," అంది.

అప్పుడు చిలకమ్మ పాతరలో పైపొర మంచు తెచ్చి, మూకుట్లో వేసి, పొలంలో అదే చోట పెట్టింది. అది కరిగి ఆవిరైపోయింది. ఆ తర్వాత అడుగుపొర మంచు తెచ్చి పెట్టింది. అదీ అంతే. సీతాలు చెయ్యి ఇంకా చల్లబడింది. పిల్లని పట్టుకున్నది మంచు కాదు, తను అన్న మాటేనని అప్పటికి తెలిసొచ్చింది ఆవిడకి.

మూడోసారి ఊకా గడ్డీ లాగి పారేసి, పాతరని ఎండకి తెరిచేసింది. ఊరివాళ్ళు వద్దన్నారు, తిట్టారు. ఆవిడ వినలేదు.

"చెడేది చెడనీ. కరిగేది కరగనీ. నా పిల్లని పెరగనీ," అంది.

పొద్దుగూకేసరికి మంచు మొత్తం నీళ్ళయిపోయింది. అందరి వెన్నా మాంసమూ పాడైపోయాయి. ఆ నీళ్ళే మూకుట్లో పోసి, పొలంలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

తెల్లవారుతుండగా వెళ్ళి చూసింది. వైశాఖమాసం, ఒళ్ళంతా చెమటలు. ఆ మూకుట్లో మాత్రం అరచేతి మందాన మంచు. దాని ముందు గడ్డి మీద రెండు మోకాళ్ళ గుంటలు, ఎవరో చాలాసేపు కూర్చుని కాచుకున్నట్టు. అక్కడికి వచ్చిన అడుగులు లేవు, పోయిన అడుగులూ లేవు. చిలకమ్మ ఏదీ ముట్టుకోలేదు. దణ్ణం పెట్టి వెనక్కి తిరిగింది.

గుమ్మంలో ఉండగానే ఏడుపు వినబడింది. సీతాలు ఆకలి ఆకలని ఏడుస్తోంది. అరచేతిలో పన్ను, పెదవి మీద నెత్తురు. చిలకమ్మ పిల్లని వాటేసుకుని తనూ ఏడ్చింది. చెయ్యి వెచ్చగా ఉంది. అంత సంతోషం ఆవిడకి ఎప్పుడూ కలగలేదు.

ఆ ఎండాకాలం ఊరంతా ఎండుచేపలతో, పచ్చళ్ళతో సరిపెట్టుకుంది. చిలకమ్మ అందరిచేతా మాటలు పడింది. చివరి మూకుడు జోలికి మళ్ళీ ఎవరూ పోలేదు.

ఏదీ, నోరు తెరువు. ఊఁ, నీదీ రేపో మాపో ఊడుతుందిలే. నిన్ను ఇలాగే, ఇంతే చిన్నగా దాచుకోవాలని నాకూ ఉంటుంది కన్నా. అలాగని మొక్కుకోను మాత్రం.

మూకుడేమో చలికి,
పన్నేమో చూరుకి,
కథేమో కంచికి,
కన్నేమో నిదరకి.