అడుగూడిన కుండకు సాక్షులు

ఆస్థాన వైద్యుడు మార్తాండశర్మకు తన గంజాయి లేహ్యం సర్వరోగాలకూ మందని రాజముద్ర వేయించుకోవాలని ఒకటే ఆరాటం. అందుకే రోగులందరికీ లేహ్యం నాకించి సభలో నిలబెట్టి, "ఎలా ఉందర్రా?" అన్నాడు.

"భేషుగ్గా ఉంది!" అన్నారందరూ ఇకిలిస్తూ.

లేహ్యం నింపడానికి కుండలు మోసుకొచ్చిన కుమ్మరి గవరమ్మకు ఒళ్లు మండిపోయింది. పుండుపడ్డ కాలు కుళ్లిపోతున్నా ఆమె మొగుడూ ఈ లేహ్యమే నాకి ఇలాగే భేషన్నాడు, నవ్వుతూనే పోయాడు. ఆమె ఒక కుండను స్తంభానికేసి కొట్టి, అడుగు ఊడగొట్టి రోగుల ముందు పెట్టింది.

"ఈ కుండ ఎలా ఉందయ్యా?"

"భేషుగ్గా ఉంది!"

"విన్నారా మహారాజా? దీన్ని మీ వంటింట్లో వాడుకోండి."

శర్మ మండిపడ్డాడు. "మత్తులో ఉన్నవాళ్ల మాటకు విలువేమిటే?"

"నీ మందు నొప్పిని మరిపిస్తుంది, కాదనను. కానీ మత్తులో ఉన్నవాళ్ల మాట నా కుండకే చెల్లనప్పుడు, నా మొగుడి కాలికి ఎలా చెల్లిందయ్యా?"

రాజుగారు ముద్ర పక్కన పెట్టేశారు. రోగులు మాత్రం ఇంకా భేషంటూనే ఉన్నారు.