చెట్లకి సెలవిచ్చిన దాలయ్య

అనగా అనగా, మా తాతలకి తాతలు కూడా పుట్టని రోజుల మాట. సముద్రం ఒడ్డున ఒక ఇసక దిబ్బ. దిబ్బ మీద నలభై ఈతచెట్లు. వాటిని గీసి కల్లు దించేవాడు దాలయ్య. మొలకి గోచీ, నడుముకి చెట్టెక్కే మోకు, చేతిలో కత్తి. అంతే ఆస్తి. చెట్లు కూడా రాజుగారివే.

కల్లంటే అదీ కల్లు! చలికాలం సముద్రపు గాలికి చల్లబడి, తెల్లారేసరికి పాలకన్నా తెల్లగా ఉండేది. వేటకెళ్లి వణుక్కుంటూ ఒడ్డెక్కినవాళ్లు ఒక్క ముంత తాగితే చాలు, మళ్లీ మనుషులయ్యేవారు.

దాలయ్యకి ఒక నేమం ఉండేది. మూడు రోజులు గీత, మూడు రోజులు సెలవు. చెట్టుకి గాయం ఆరితేగాని మళ్లీ కత్తి పెట్టేవాడు కాదు. దేవుడొచ్చి అడిగినా అంతే.

ఓసారి రాజుగారింటికి వియ్యంకుడొచ్చాడు. ఆయనా పక్క దేశానికి రాజే. "మా దాలయ్య కల్లు ముందు మీ దేశంలో ఏ కల్లూ నిలవదు బావగారూ" అని మన రాజుగారు గొప్పలు పోయారు. "ఏదీ, పోయించండి" అన్నాడాయన. ఇంకేముంది! బంట్రోతు పరుగెత్తాడు.

"ఈయేల సెట్లకి సెలవు బావూ" అన్నాడు దాలయ్య.

దివానుగారు పల్లకీలో వచ్చి వెండి కడియం చూపించారు.

"ఈయేల సెట్లకి సెలవు బావూ."

చివరికి రాజుగారే వచ్చారు, వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని. వెనక గొడ్డళ్లతో పదిమంది.

"ఈయేల సెట్లకి..."

"నోర్ముయ్! గీస్తావా, తోట నరికించమంటావా?"

దాలయ్య తోట వైపు చూశాడు. గాయం ఆరకుండా గీస్తే ఒక చెట్టు చస్తుంది. గీయకపోతే నలభై చస్తాయి. ఏం చేస్తాడు పాపం! వాళ్ల నాయన తనకి గీత నేర్పిన చెట్టు దగ్గరికెళ్లాడు. తోటలోకల్లా మంచి చెట్టదే. సెలవు రోజున కల్లు దిగితే దానికే దిగాలి. "తల్లీ, తప్పు నాది" అని దండం పెట్టి, పచ్చి గాయం మీదే లోతుగా కోశాడు. సాయంత్రానికి ముంతెడు దిగింది.

వియ్యంకుడు నోట్లో పోసుకుని తూ అని ఉమ్మేశాడు. "ఇదా మీ గొప్ప?"

రాజుగారి మొహం మాడిపోయింది.

"బావూ, ఇది నా కల్లు కాదు. తవరి తొందర" అన్నాడు దాలయ్య. కళ్లలో నీళ్లున్నాయిగాని గొంతులో బెదురు లేదు. "నా కల్లు కావాలంటే మూడు రోజులాగండి. అప్పుడూ ఇలాగే ఉంటే నా తల తీసీండి. సెట్ల జోలికి మాత్రం ఎల్లకండి."

వియ్యంకుడు నవ్వి, "ఆగుదాం బావగారూ" అన్నాడు. ఆగారు.

నాలుగో పొద్దున దాలయ్య చెట్టు మీంచి కల్లు లొట్టి దించాడు. వియ్యంకుడు ఒక ముంత తాగాడు. రెండో ముంత తాగాడు. మూడో ముంత తాగి, తన తలపాగా తీసి దాలయ్య తలకి చుట్టాడు. గీతగాడి తలకి రాజు పాగా! విన్నారా ఎక్కడైనా? మన రాజుగారు గొడ్డళ్లని వెనక్కి పంపేసి, "ఈ తోటలో ఇక నీ మాటే మాట" అన్నారు.

ఆ మంచి చెట్టు మాత్రం బతకలేదు. దాలయ్య ఉన్నన్నాళ్లూ దాన్ని తల్చుకుని ఏడ్చేవాడు. అతను పోయాక ఆ చెట్టు మొదట్లోనే పూడ్చారు.

ఇప్పటికీ మా దిబ్బ మీద చలికాలపు తొలి ముంత అక్కడే పోస్తారు. ముందు చెట్టు పేరు చెప్పి, తర్వాత దాలయ్య పేరు చెప్పి. సెలవు రోజున ఎంతటి పెద్దమనిషి కారు దిగి వచ్చినా మావాళ్లు కూచున్న చోటునుంచి లేవరు. "మూడు రోజులాగి రండి బావూ" అంటారు. "రాజులే ఆగారు!"